పులి దూకాలంటే వెనక ఖాళీ ఉండాలి

శ్రీ సిటీ ఆంధ్ర–తమిళనాడు సరిహద్దులోనే ఉంది. ఇటు పులి-మేక, అటు ఆడు పులి ఆట్టం. పేర్లు రెండు, ఆట ఒకటే. నేల మీద సుద్దముక్కతో పటం గీస్తే గీతలు కలిసే చోట్లు 23. పులులు 3, మేకలు 15. మేకలకు గులకరాళ్లు, పులులకు కాస్త పెద్ద రాళ్లు ఉంటే చాలు.

ఫాంటసీ కార్డు ఆటల్లో ఏ జీవికి ఏ శక్తి ఇవ్వాలన్న వాదన లేచినప్పుడల్లా ఈ పటం దగ్గరికే రావాలి. పులికున్న శక్తి ఒక్కటే, పక్కనున్న మేక మీదుగా దూకి చంపడం. కానీ తిన్నగానే దూకాలి, మేక వెనక చోటు ఖాళీగా ఉండాలి. రెండు మేకలు వరసగా నిలబడితే పులి ఆగిపోవాల్సిందే. మేకకు ఏ శక్తీ లేదు. పదిహేనూ పటం మీదికి వచ్చేదాకా కదలనైనా కదలదు. అయినా మేకలన్నీ కలిసి మూడు పులులనూ కట్టేసి గెలవగలవు. పులి బలానికి విరుగుడు పులి నియమంలోనే ఉంది.

1993లో రిచర్డ్ గార్ఫీల్డ్ రూపొందించిన మ్యాజిక్: ద గ్యాదరింగ్‌తో ట్రేడింగ్ కార్డు ఆటల ఊపు మొదలైంది. అందులో ఎగిరే జీవిని మామూలు నేల జీవి అడ్డుకోలేదు, ఎగిరే మరొకటి అడ్డుకోగలదు. చక్కటి నియమం. చిక్కల్లా 2011లో పేరు పెట్టిన హెక్స్‌ప్రూఫ్‌తో వచ్చింది. ఆ శక్తి ఉన్న జీవిని గురిపెట్టి ఎదుటివాడు మంత్రం వేయలేడు. సొంతదారు మాత్రం దానికి ఎన్ని వరాలైనా ఇచ్చుకోవచ్చు. పాత శక్తి ష్రౌడ్ అలా కాదు, అది సొంతదారుకీ అడ్డే.

అదే ఏడాది వచ్చిన ఇన్విజిబుల్ స్టాకర్ కార్డు చూడండి. బలం 1, ప్రాణం 1, దింపడానికి ఖర్చు 2 మానా (ఆటలోని మంత్రశక్తి). హెక్స్‌ప్రూఫ్ ఉంది, పైగా దాన్ని ఏ జీవీ అడ్డుకోలేదు. దానికో కత్తి తగిలిస్తే 20 ప్రాణాలతో మొదలైన ఎదుటివాడు ప్రతి వంతుకూ దెబ్బ తింటూ కూర్చోవాలి. బల్ల మీది జీవులన్నిటినీ ఒకేసారి చంపే మంత్రంలాంటిది చేతిలో ఉంటే సరి, లేకపోతే అంతే.

చిన్న ప్రాణికి ఆ మాత్రం రక్ష ఉంటే తప్పేమిటని కొందరంటారు. అందులో న్యాయం లేకపోలేదు. ఎంతో ఖర్చుపెట్టి దింపిన జీవిని ఓ చవక మంత్రం చంపేస్తే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. అయినా ఈ కాలమ్ మేకల పక్షమే. ఎత్తు వేసే వీలే లేని చోట ఇద్దరు ఆడుతున్నారని ఎలా అంటాం? 2021లో మ్యాజిక్ కార్డుల సెట్ స్ట్రిక్స్‌హేవెన్‌తో వచ్చిన వార్డ్ అనే శక్తి ఈ తగవుకు మంచి తీర్పు. గురిపెట్టవచ్చు, కాకపోతే అదనపు మూల్యం కట్టాలి. కట్టకపోతే మంత్రం వమ్మవుతుంది. రక్షా ఉంది, దారీ ఉంది.

మళ్లీ పటం దగ్గరికి వద్దాం. పులి-మేక లాంటిదే నేపాల్ ఆట బాఘ్‌చాల్‌. అందులో 4 పులులు, 20 మేకలు, 25 చోట్లు. అయిదు మేకలు చస్తే గెలుపు పులులది. ఇద్దరూ తప్పు చేయకుండా ఆడితే ఆట ఎటూ తేలదని కంప్యూటర్‌తో ఇప్పటికే లెక్క తేల్చారు. మన 3–15 పటం మీద కూడా శ్రీ సిటీ ట్రిపుల్ ఐటీ విద్యార్థులు అలాంటి లెక్క కట్టి చూడవచ్చు. ఆపైన ఒక్క నియమం మార్చాలి: వరసగా ఉన్న రెండు మేకల మీదుగా కూడా పులి దూకవచ్చని. అప్పుడు 15 మేకలు చాలకపోవచ్చు. మరెన్ని కావాలి? 23 చోట్లలో పులులు పోగా మిగిలేవి 20 మాత్రమే.