లింకన్ కాంటినెంటల్: కార్మిక కౌశలము

1960ల దశాబ్దమున అమెరికాలోని విక్సమ్ కర్మాగారమందు ప్రతి లింకన్ కాంటినెంటల్ ఇంజనును మూడు గంటలు తీవ్రవేగమున నడిపించి, విప్పి పరీక్షించి, మరల కూర్చి, అటుపై కారును పన్నెండు మైళ్లు రోడ్డుపై నడిపి చూచినగాని విడిచెడివారు కారు. ఏడు లీటర్ల ఇంజను, రెండు టన్నులకు మించిన బరువు, ఎదురెదురుగా తెఱచుకొను తలుపులు; ఇంత వైభవమున్నను 1961 నాటి ఎల్వుడ్ ఎంగెల్ రూపకల్పనమందు క్రోమియపు తళుకు మితమే, ఆ సంయమమే నాకు మిక్కిలి ప్రీతి. 1965 నమూనా వచ్చువఱకు ముందు చక్రములకును డ్రమ్ము బ్రేకులే. వానితో శ్రీశైలం దారిలోని దోర్నాల ఘాటు దిగుట సాహసమే యగును! అట్టి కారు నేటికిని చెక్కుచెదరక యున్నచో, సగము కీర్తి తుప్పు గీకి, సొట్టను లోపలినుండి సుత్తితో మెల్లగా తట్టి, రేకు సాగకుండ సరిచేయు టింకరుది; రంగు వేయువాని వంతు ఆ తరువాతనే.