గోడమీది రెండు మాటలు: బార్బియానా బడిపిల్లల లేఖ

బడిలో సామాజిక బాధ్యతనూ, ఆధ్యాత్మిక విలువలనూ పెంపొందించాలన్న మాట వినగానే మనలో చాలామందికి అనుమానం కలుగుతుంది. పిల్లలకు అణకువ నేర్పి, ఉన్న వ్యవస్థను ఉన్నట్టే నిలబెట్టే ప్రయత్నం కాబోలు అనుకుంటాం. ఆ అనుమానం నిరాధారమైనది కాదు. అయితే ఆ మాటను అంతటితో కొట్టిపారెయ్యకూడదని నన్ను ఒప్పించిన పుస్తకం ఒకటుంది. అది 1967లో ఇటలీలో ఎనిమిదిమంది బడిపిల్లలు కలిసి రాసిన ‘ఒక ఉపాధ్యాయురాలికి లేఖ’.

బార్బియానా ఫ్లారెన్సుకు ఉత్తరాన కొండల్లో ఉన్న చిన్న పల్లె. పై అధికారులకు గిట్టని లొరెంజో మిలానీ అనే క్రైస్తవ పురోహితుణ్ణి 1954లో అక్కడికి పంపారు. కరెంటు లేదు, రోడ్డు లేదు. ప్రభుత్వ బడుల్లో తప్పి, చదువు మానుకున్న రైతుబిడ్డలతో ఆయన బడి పెట్టాడు. సెలవుల్లేని బడి అది. పెద్ద పిల్లలే చిన్నవాళ్లకు చెప్పేవారు. వెనకబడినవాడికి పాఠం అర్థమయ్యేదాకా తక్కినవాళ్లు ఆగేవారు.

అంతకు ముందు, కలెన్జానోలో శ్రామికులకు నడిపిన బడిలో ఆయన గోడమీది శిలువను తీసేశాడు. మతంతో పనిలేనివాడు కూడా సంకోచించకుండా లోపలికి రావాలని ఆయన ఉద్దేశం. బార్బియానా గోడమీద మాత్రం ఇంగ్లీషులో రెండు మాటలుండేవి: ‘ఐ కేర్’. ‘నాకేం పట్టింది’ అన్న ఫాసిస్టు నినాదానికి అది జవాబు. నా ఉద్దేశంలో ఆ బడి ఆధ్యాత్మికత అంతా ఆ రెండు మాటల్లోనే ఉంది.

ఇద్దరు పిల్లలు ఉపాధ్యాయ శిక్షణ బడిలో తప్పటంతో ఈ లేఖ పుట్టింది. పేదవాడి కొడుకు జాన్ని ఎందుకు తప్పుతున్నాడు, డాక్టరు కొడుకు పియెరీనో ఎందుకు తప్పటంలేదు అని వీళ్లు లెక్కలు తీసి, పట్టికలు వేసి నిలదీస్తారు. ఆగ్రహం ఉంది కాని, ఆధారంలేని ఆగ్రహం కాదు.

రచయితలు గమనించవలసింది దీని రచనావిధానం. ఒక్కొక్కరూ తమకు తోచింది చీటీలమీద రాశారు. అన్నిటినీ బల్లమీద పరిచి, ఒకే విషయం రెండుసార్లు వస్తే తీసేసి, కుప్పలుగా పెట్టి అధ్యాయాలు చేశారు. ఆపైన అనవసరమైన మాటలు ఏరివేశారు. బయటివాళ్లకు చదివి వినిపించి, స్పష్టతకోసం చెప్పిన సలహా పుచ్చుకున్నారు. జాగ్రత్తకోసం చెప్పింది వదిలేశారు. ఇక్కడ వస్తువూ శిల్పమూ వేరు కావు. ఎవర్నీ వెనక వదలని బడి, ఎవరి మాటనూ వదలని వచనాన్ని సృష్టించింది.

లోపాలు లేకపోలేదు. వ్యవస్థ నేరాన్ని చాలావరకు ఒక్క ఉపాధ్యాయురాలి నెత్తిన రుద్దటం న్యాయం కాదు. ఆమె కూడా జీతంమీద బతికే మనిషే. ఆడపిల్లలు తమ బడికి రాకపోవటాన్ని గుర్తిస్తారు కాని, దానిమీద జాన్ని విషయంలో చూపిన పట్టుదల చూపరు.

పుస్తకం వచ్చిన కొద్దివారాలకే మిలానీ నలభైనాలుగో ఏట మరణించాడు. ఆయన రాసిన మరో పుస్తకాన్ని 1958లో అమ్మకంనుంచి తీసేయించిన మతపీఠానికి అధిపతి అయిన పోప్ ఫ్రాన్సిస్, 2017లో ఆ కొండ ఎక్కి ఆయన సమాధి దగ్గర ప్రార్థించాడు. ఈ గౌరవాన్ని కాదనను. కాని సమాధిని పూజించటం తేలిక. మన ఊరి బడిలో వెనకబెంచీ పిల్లవాడు ఎందుకు తప్పాడని లెక్క తియ్యటం కష్టం. మన కథలూ, మన విమర్శా ఆ లెక్క తీస్తున్నాయా? ఈ ప్రశ్న ముందు నన్ను నేనే వేసుకుంటున్నాను.