వృకయూథపతివిచారము

లక్ష్యము ననుసరించి లక్షణము పుట్టవలెనుగాని, లక్షణమునకై లక్ష్యమును గల్పింపరాదు. ఇది మా శాస్త్రమున నక్షరాభ్యాసమువంటిది. ఈ నియమమును మీఱినవాఁడు వైయాకరణుఁడైనను జంతుశాస్త్రజ్ఞుఁడైనను ఫల మొక్కటియే.

ఇటీవలి రచనలలో "ఆల్ఫా తోఁడేలు" అనుమాట తఱచుగాఁ గానవచ్చుచున్నది. కొందఱు దీనిని "యూథపతి" యని తెనిఁగించి, తోఁడేళ్లలోఁ బోరాడి గెలిచినది యేలిక యగుననియు, తక్కినవి భయముచే దాని కణఁగియుండు ననియు వ్రాయుచున్నారు. వృకోదరశబ్దమును వివరించునపుడు నేనును దరగతిలోఁ బెక్కేండ్లు ఈ మాటయే చెప్పితిని. కావున నీ విచారమున మొదటి ప్రతివాదిని నేనే.

ఈ మతమునకు మూలము రుడోల్ఫ్ షెంకెల్ అను స్విస్ పండితుఁడు 1947లోఁ బ్రకటించిన వ్యాసము. ఆయన చూచినవి బాసెల్ నగరపు జంతుశాలలోని తోఁడేళ్లు. సుమారు 200 చదరపు మీటర్ల యావరణమునఁ బదివఱకు జంతువు లుండెడివి. అవి విడిచి పోఁజాలవు. వేఱొక జోడును వెదకికొనఁజాలవు. అచ్చటి కలహము సత్యమే, షెంకెల్ చూచినట్లే వ్రాసెను. దోష మెల్ల దాని నడవికిఁ బొడిగించుటలో నున్నది. అతివ్యాప్తి యనఁగా నిదియే. చెఱసాలలోని నడవడిని జూచి గృహస్థధర్మమును నిర్ణయింతుమా?

1970లో డేవిడ్ మెక్ రచించిన "ది వుల్ఫ్" అను గ్రంథముతో నీ శబ్దము లోకమున వ్యాపించెను. ఆ మెక్కే 1986 మొదలుకొని కెనడాలోని ఎల్స్‌మియర్ ద్వీపమున వేసవులయం దడవితోఁడేళ్ల చెంతనే యుండి పరిశీలించి, 1999లోఁ దన మాటను దానే దిద్దుకొనెను. గుంపనఁగా సామాన్యముగాఁ దల్లియుఁ దండ్రియు, గడచిన ఒకటి రెండు మూఁడేండ్లలోఁ బుట్టిన వాని సంతానమును. పిల్ల లెదిగి విడిపోయి, జోడు గట్టి, వేఱు కాఁపురము పెట్టును. పెద్దవి ముందు నడచుటకు జనకత్వము కారణముగాని యుద్ధవిజయము గాదు. తన పూర్వగ్రంథమును దానే ఖండించుకొను ధైర్యము మన వ్యాఖ్యాతలలో నెందఱికిఁ గలదు! ఈ యుత్సర్గమునకును నపవాదము లేకపోలేదు. యెల్లోస్టోన్ వనమునందలి పెద్దగుంపులలో నొకటికంటె నెక్కువ యాఁడుతోఁడేళ్లు పిల్లలను బెట్టుట కలదు. అట్టి గుంపులయెడ నా శబ్దమునకుఁ గొంత తావున్నదని మెక్ కూడ నంగీకరించెను.

యూథపతిశబ్దమును మనవా రేనుఁగులనుండి తెచ్చిరి. ఆ యేనుఁగులమందను నడుపునది ముదుసలి యాఁడేనుఁగు! కావ్యమున నిది దోషము గాదు, పాఠ్యపుస్తకమునం దగును.

ఇఁక వృకోదరుఁడు. భీముని కడుపులోని వృకమను నగ్నియే యీ పేరునకుఁ గారణమని మత్స్యపురాణము చెప్పుచున్నది. తోఁడేలి యాఁకలియే కారణమను వ్యాఖ్యయుఁ గలదు. ఇదియు మృగస్వభావమునకు విరుద్ధము గాదు. ఉత్తరదేశపుఁ బెద్దతోఁడే లొక్కమాఱు 9 కిలోల మాంసమువఱకుఁ దినఁగలదు. కాని యంతకుముందుఁ బలుదినములు పస్తుండుటయుఁ గలదు. ఆ సగమును మనము చెప్పుట లేదు. యాస్కుఁడు వృకశబ్దమునకుఁ జంద్రుఁడనియు నర్థము చెప్పెనుగదా యని, తోఁడేలు చంద్రునిఁ జూచి యూళవేయునను ప్రవాదమును దానితో ముడిపెట్టరాదు. ఊళ తనవారిని గూర్చుకొనుటకు, పొరుగుగుంపును దూరముగా నుంచుటకు.

అపవాదమును దొలఁగింపఁబోయి కొందఱు తోఁడేలు మనుష్యుని ముట్టనే ముట్టదనుచున్నారు. ఇది మఱియొక యతివ్యాప్తి. 1996లో ఉత్తరప్రదేశమున తూర్పుమండలములలోఁ దోఁడేళ్లు పదులకొలఁది బాలుర నెత్తుకొనిపోయెను. ఝాలా, శర్మ యను పరిశోధకులు 1997లో దానినిఁ గూర్చి వ్రాసిరి. అది వదంతి యని త్రోసివేయుట యా తల్లులయెడ నన్యాయము.

శబ్దవిషయమున నా సూచన యొక్కటి. "ఆల్ఫా"కు "యూథపతి" వలదు. సామాన్యమైన గుంపునెడ "గుంపుపెద్దలు" అని ద్వంద్వార్థమున బహువచనముగా వ్రాసినఁ జాలును. తల్లియుఁ దండ్రియు నందే యిముడుదురు.