వెంకటేశము చదువు, ఇంటి చదువు

ఈ సంవత్సరము దసరా సెలవులకును సంక్రాంతి సెలవులకును నడుమ అంబాజీపేటలోని మా యింటికి మూడు కుటుంబములవారు ఒకే ప్రశ్నతో వచ్చిరి. బిడ్డను బడి మాన్పించి ఇంటనే చదివింపవచ్చునా? వచ్చునేని సంవత్సరము సగము గడిచిన ఈ సమయముననే మొదలుపెట్టవచ్చునా? ముగ్గురును చదువుకొన్నవారే. ఒకరు కురొయానగి తెత్సుకో వ్రాసిన 'రైలుబడి' చదివిరి. వేరొకరు గిజుభాయి 'పగటికల' చదివిరి. మూడవవారు జాన్ హోల్టు 1981లో ఇంటి చదువును గూర్చి ప్రకటించిన గ్రంథమును ఆంగ్లముననే చదివి, అచ్చటచ్చట గీతలు గీసికొని తెచ్చిరి. నాలుగవ తండ్రి ఒకడు మమ్మేమియు అడుగకయే తన బిడ్డను మాన్పించెను. అతని సంగతి చివర చెప్పెదము.

ఈ పుస్తకములు మంచివి కావని మేమనము. అయితే మన పాఠకులు వానిని బడికి విరోధములైన పుస్తకములుగా చదువుచున్నారు. 'రైలుబడి'లో చిన్నపిల్ల తొత్తోచాన్ ఒకటవ తరగతినుండియే వెళ్లగొట్టబడినది. ఆ సంగతి తల్లి ఆమెకు ఇరువదేండ్లు నిండువరకు చెప్పలేదు. ఆ తల్లి తాను ఉపాధ్యాయురాలు కాబోలేదు. వేరొక బడి వెదకినది. పాత రైలుపెట్టెలే తరగతి గదులుగా గల ఆ బడిలో మొదటినాడు ప్రధానోపాధ్యాయుడు కొబయాషి నాలుగు గంటలసేపు ఆ పిల్ల చెప్పినదంతయు వినెను. కాబట్టి ఆ గ్రంథము ఒక బడికి వ్రాసిన ప్రశంస. 1945లో విమానదాడిలో కాలిపోయిన బడికి స్మృతి. గిజుభాయియు అంతే. న్యాయవాదియైన ఆయన తన కుమారుని చదువును గూర్చి ఆలోచింపబోయి ఉపాధ్యాయుడైనాడు. ఐనను కుమారుని ఇంట కూర్చుండబెట్టలేదు, 1920లో భావనగరమున బాలమందిరమునే తెరచెను. 'పగటికల'యందలి ఉపాధ్యాయుడు నాలుగవ తరగతిని పుచ్చుకొని తొలినాడే ఓడిపోవును. నిశ్శబ్దముగా నుండుమన్న ఆట పిల్లల అల్లరిలో కొట్టుకొనిపోవును. ఆ ఓటమిని చెప్పిన పుటలే మాకు ఆ గ్రంథమున మిక్కిలి విలువైనవిగా తోచినవి. మమ్మడుగ వచ్చిన పెద్దమనిషికి ఆ పుటలు గుర్తులేవు, కథలు చెప్పి గెలిచిన పుటలే గుర్తున్నవి.

హోల్టు మాట వేరు. ఆయన నిజముగనే బడిపై ఆశ వదలుకొన్న ఉపాధ్యాయుడు. బడి విడిచిన బిడ్డను కొంతకాలము పాఠమనునది లేక ఊరక వదలవలెనని అమెరికాలో ఇంటి చదువు చెప్పించువారు అందురు. ఇందులో న్యాయమున్నది. కాని జూన్‌లో మొదలై ఏప్రిల్‌తో ముగియు మన చదువేటిలో డిసెంబరున బిడ్డను ఇంటికి తెచ్చిన తండ్రికి అట్లు వదలుటకు మనసొప్పదు. సగము పాఠములు మిగిలిన పుస్తకము బల్లమీద కనబడుచుండును. ఏటి మొదట ఆరంభించినవానికి పుస్తకము క్రొత్తది; నడియేట ఆరంభించినవానికి అది తీర్చవలసిన బాకీ.

ఇది మా స్వానుభవము. నాలుగేండ్ల క్రిందట, కార్తీకమాసమున, ఏడవ తరగతి చదువుచున్న మా కుమారుని మేము బడి మాన్పించితిమి. ఏ బడి యనునది ఇచ్చట అనవసరము. వారమునకొక పరీక్ష పెట్టి, మార్కుల వరుసను గోడకు అంటించుట అచ్చటి పద్ధతి. సోమవారము తెల్లవారగనే పిల్లవానికి వాంతులయ్యెడివి. మాన్పించిన మరునాడే మేము గోడకొక కాగితము అంటించితిమి: ఏ గంటకు ఏ పాఠమో, ఏ వారమునకు ఏ పరీక్షయో. మూడవనాడు వాడు ఎంతో వినయముగ, "నాన్నగారూ, పాఠం చెప్పేటప్పుడు మిమ్మల్ని సార్ అనాలాండీ?" అని అడిగెను. మా ఇల్లాలు వంటయింటినుండి విని, "బడి మానిపించారనుకున్నాను. ఇంటికి మోసుకొచ్చారేమండీ?" అన్నది.

ఆమె అనుటకు వేరొక కారణముకూడ కలదు. మేము బడిపంతులము, ఉదయము ఎనిమిది వరకును సాయంకాలము ఆరు దాటినపిమ్మటను మాత్రమే ఇంట గురువులము. నడుమనున్న పగలంతయు గురుత్వము ఆమెది. గోడమీది కాగితములో ఆమె పేరు లేదు. ఇంటి చదువును ప్రశంసించు వ్యాసములను అప్పటినుండి మేము ఒక పరీక్షతో చదువుచున్నాము: పగటిపూట ఇంటనున్నదెవరు? ఆ ప్రశ్నకు జవాబు చెప్పు రచయితలు మాకు మిక్కిలి తక్కువగా దొరకిరి.

కాగితము సంక్రాంతికి చినిగిపోయినది, మరల అంటింపలేదు. వాడు మేనమామగారి కొబ్బరి కొట్టునకు పోవుట మొదలుపెట్టెను. దింపు ఎన్నాళ్లకొకసారి తీయుదురో, ఒలుపు కూలి ఎట్లు లెక్కింతురో, వెయ్యి కాయల ధరనుబట్టి ఒక్క కాయ ధర ఎంతయో, కురిడీలో గండేరాకును గటగటకును భేదమేమో తెలిసికొని వచ్చి మాకు చెప్పెడివాడు. దశాంశములు వానికి అచ్చట పట్టువడినవి. వ్యాకరణమును చరిత్రయును అచ్చట పట్టువడలేదు. ఆ సంగతి దాచుట ఎందుకు? జూన్‌లో వేరొక బడిలో చేర్చితిమి, సంతోషముగనే పోయెను. ఆ ఆరు నెలలు మంచివో కావో ఇప్పటికిని మేము నిర్ణయింపలేకున్నాము. వాంతులు మాత్రము నిలిచినవి.

మరల చేర్చుటకు అడ్డు లేకపోయెను గాన మేమింత తేలికగ చెప్పగలుగుచున్నాము. 2010 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చిన విద్యాహక్కు చట్టము ఆరేండ్లనుండి పదునాలుగేండ్ల వరకు గల బిడ్డలకు బడిని హక్కుగా ఇచ్చినది. బిడ్డను బడిలో చేర్చుట తల్లిదండ్రుల విధియనియు చెప్పినది గాని, చేర్చనివారికి శిక్ష విధింపలేదు. ఇంటి చదువునకు అందులో పేరే లేదు. అయితే మమ్మడిగిన మూడు కుటుంబములవారును ఎరుగని సంగతి ఒకటి అందున్నది. ఏటి నడుమ వచ్చినను బిడ్డను చేర్చుకొననని ప్రభుత్వపు బడి అనరాదు. టీసీ ఆలస్యమైనదను నెపమును చెప్పరాదు. చదువు ఆగిన బిడ్డను వయసునకు తగిన తరగతిలో చేర్చుకొని, వెనుకబడినదానిని ప్రత్యేకముగ నేర్పవలెను. పదునాలుగేండ్లు నిండినవారికి జాతీయ సార్వత్రిక విద్యాలయపు పదవతరగతి పరీక్ష ఏటికి రెండుమారులు, వేసవిలోను శరత్తులోను, జరుగును. బడి విడుచువారు మొదట తెలిసికొనవలసినది మరల వచ్చు దారి. వచ్చినవారితో మేము ఈ మాట చెప్పగా వారికది నిరుత్సాహముగ తోచినది.

ఇక మన సాహిత్యమున ఇంటి చదువు ఎట్లున్నదో చూతము. 1909లో గురజాడవారు తిరిగి వ్రాసి ప్రకటించిన 'కన్యాశుల్కము'ను వివాహవిషయమైన నాటకముగనే మనము చదువుచున్నాము. అందొక ఇంటి గురువున్నాడు. పరీక్ష పోగొట్టుకొన్న వెంకటేశమునకు సెలవులలో చదువు చెప్పుదునని గిరీశము శిష్యునితోకూడ కృష్ణరాయపురము అగ్రహారము చేరును. వాని తొందర యంతయు అప్పులవాండ్రను తప్పించుకొనుటయే. అగ్నిహోత్రావధానులు ఇంగ్లీషు చదువు కర్చునకు మొత్తుకొనును. వెంకమ్మ కొడుకును వెనుకవేసికొనివచ్చును. ఆమె కోరికపై గురుశిష్యులిద్దరును ఆంగ్లమున సంభాషించుట నాటకమున ప్రసిద్ధమైన ఘట్టము. ఆ ఆంగ్లమునకు అర్థము లేదు. తల్లికి ఆనందము మాత్రము కలిగినది. మనము నవ్వుదుము. అమెరికాలోనున్న పినతండ్రితో ఫోనులో బిడ్డచేత నాలుగు ఆంగ్లవాక్యములు పలికించి, ఇంటి చదువు ఫలించినదని మురియు తల్లిదండ్రులను మేమీయేడే చూచితిమి. వారును ఆ ఘట్టమునకు నవ్వినవారే.

విమర్శకులు అంతగా పట్టించుకొనని విషయము మరియొకటి. ఆ యింట చదువు ఎవరికొరకు తెప్పింపబడినదో వాడేమియు నేర్వలేదు. ఎవరును పాఠము చెప్పదలపని వితంతువు బుచ్చమ్మ చెవియొగ్గి వినినది. లోకము వేరుగ నుండవచ్చునను సంగతి ఆమెకు తెలిసినది. చెప్పినవాడు ధూర్తుడు, చెప్పినది తన పనికొరకు. అది గురజాడవారి చమత్కారములోని చేదు. ఆమె ఏమి గ్రహించినదో ఆ యింట పరీక్షించినవారు లేరు. చివరకు సౌజన్యారావుపంతులు ఆమెను పూనాలోని వితంతు శరణాలయమునకు పంపును, అనగా ఇంటినుండి బయటకు. ఆడుబిడ్డ విషయమున ఆ కాలపు సంస్కర్త ఎటువైపు చూచెనో దీనివలన తెలియును.

ఆ వైపు ఎందుకు చూడవలసివచ్చెనో భండారు అచ్చమాంబగారి జీవితము చెప్పును. 1874లో పుట్టి, పదేండ్లకే పెండ్లియై, బడి మొగము చూడని ఆమె, తన యింట నుండి చదువుకొనుచున్న తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుగారివద్ద తెలుగును హిందీని నేర్చెను. 1902లో 'ధనత్రయోదశి' కథను ప్రకటించెను, 'అబలా సచ్చరిత్ర రత్నమాల'యను స్త్రీల చరిత్రలను కూర్చెను, 1905లో గతించెను. ఇంటి చదువునకు ఇంతకంటె గొప్ప నిదర్శనము కలదా యని ఒక మిత్రుడు మాతో వాదించెను. ఆమె బడిని విడిచి ఇంటికి రాలేదు. ఆమెకు బడి లేకపోయెను. తమ్ముడు చదువుకొనుచుండగ ప్రక్కన కూర్చుండి ఏరుకొన్న చదువది. ఆమె ప్రతిభను పొగడుచు ఆ లేమినికూడ ఒక పద్ధతిగా పొగడుట మాకు సమ్మతము కాదు. అందరు అక్కలకును అట్టి తమ్ముడు దొరకునా?

నాలుగవ తండ్రి మా పేటలోనే కొబ్బరి వర్తకుడు. అతని కుమార్తె మా తరగతిలో తొమ్మిదవది చదువుచున్నది. అర్ధవార్షిక పరీక్షల పిమ్మట రాలేదు. పది దినములు చూచి మేము కొట్టునకు పోయితిమి. "రండి మేష్టారూ, ఆయ్, కూర్చోండి. పిల్లకేం పర్లేదండి, ఇంటి దగ్గరే చదువుకుంటాదండి" అని అతడనెను. మాకు మాట తోచలేదు. మా కుమారుని బడిలో టీసీకై పోయిననాడు మేము చెప్పినదియు ఈ వాక్యమే. మేము చెప్పినపుడు అది సంస్కారమనిపించెను. అతడు చెప్పగ విన్నపుడు, ఏబదేండ్ల క్రిందటి ఆచారము క్రొత్త పేరుతో వచ్చినట్లు తోచెను. అతనికి దురుద్దేశము కలదని ఎట్లనగలము? మా వాక్యమును అతడు నమ్మవలె, అతని వాక్యమును మేము నమ్మరాదు, ఇది ఎట్టి న్యాయము?

కావున మమ్ము మేము ఏమేమి ప్రశ్నించుకొనవలసి యుండెనో ఆ ప్రశ్నలే అతనిని అడిగితిమి. "ఎవరు చెప్తున్నారండీ?" "వాళ్లమ్మ ఉందిగాండీ." "ఆవిడ ఎంతవరకు చదివారు?" "అయిదండి. పదోతరగతి ప్రైవేటుగా కట్టించేద్దామండి." "బడి మానతానని పిల్ల అన్నదా?" దీనికి అతడు వెంటనే జవాబీయలేదు. కాయల రాశివైపు చూచి, "ఆడపిల్ల కదండీ" అనెను. బడిలో మధ్యాహ్న భోజనము వదలుకొనుట ఎందుకని వేరొకవైపునుండి కదలించి చూచితిమి. ఆ భోజనమునకు 2024లో ప్రభుత్వము పెట్టిన పేరు, మన ప్రక్కనే లంకల గన్నవరమున వచ్చినవారికెల్ల వండిపెట్టిన డొక్కా సీతమ్మగారిది. అతడు నవ్వి, "మా యింట్లో అన్నానికేం లోటండీ" అనెను. అదియు నిజమే.

ఆదివారము వారి యింటికి పోయితిమి. పిల్ల మంచినీళ్లు తెచ్చియిచ్చెను. నోటుపుస్తకములు చూపుమన్నాము, చివరి పుట మీది తేదీ పరీక్షల ముందటిది. తల్లి కొంగు సవరించుకొని, "నాకేం తెలుసండీ మేష్టారూ, దానంతటది చదువుకుంటుందనుకున్నాను" అన్నది. వరండాలో అతడు ఉన్నాడు గాన మేము చట్టపు మాటలు గట్టిగనే చెప్పితిమి: రేపు వచ్చినను, పండుగ వెళ్లి వచ్చినను ఆమె పేరు తీసివేయబోమని. అతడు సరేననలేదు, కాదననులేదు. లేచి వచ్చునపుడు పిల్ల గడపవరకు వచ్చి, లెక్కల పుస్తకము రెండవ భాగము తనకందలేదని, తెప్పించగలరా యని అడిగెను. సోమవారము ప్రొద్దున పంపితిమి.