128 బైట్ల పొదుపు

1977లో వచ్చిన అటారీ 2600 గేమ్ యంత్రంలో ర్యామ్ 128 బైట్లు. కిలోబైట్లు కాదు, బైట్లే. ఆటగాడి స్థానం, స్కోరు, శత్రువులు అన్నీ అందులోనే ఇమడాలి. 6502 కుటుంబానికి చెందిన దాని ప్రాసెసర్ వాడే స్టాక్ కూడా అక్కడే. వేరియబుల్స్‌ను కింది అడ్రసు నుంచి పైకి పేర్చుకుంటూ వస్తారు, స్టాక్ పైనుంచి కిందికి దిగుతుంది. రెండూ ఢీకొనకుండా చూసే పూచీ పూర్తిగా ప్రోగ్రామర్‌దే. ఆదుకోవడానికి ఆపరేటింగ్ సిస్టమ్ లేదు.

నాకు అంతకన్నా ముచ్చటేసేది ఆట ప్రోగ్రామ్ ఉండే క్యాట్రిడ్జ్‌లోని అమరిక. ఈ ప్రాసెసర్‌కు మెమరీ అంటే 256 బైట్ల పేజీలు. బొమ్మల పట్టిక ఒక పేజీ చివర మొదలై పక్క పేజీలోకి పాకిందనుకోండి, ఇండెక్స్‌తో చదువుతూ హద్దు దాటిన ప్రతిసారీ ఒక సైకిల్ అదనం. తెరపై గీతకు ఉన్నవే 76 సైకిళ్లు. ఒక్క సైకిల్ ఆలస్యమైతే బొమ్మ మూడు పిక్సెళ్లు పక్కకు జరగొచ్చు. అందుకే పనితనం తెలిసినవాళ్లు పట్టికను హద్దు దాటనివ్వరు. మిగిలిన ఖాళీలో చిన్న సబ్‌రొటీన్‌నో, శబ్దాల పట్టికనో సర్దేస్తారు. బొమ్మలను తలకిందులుగా దాచడమూ మామూలే: లెక్క సున్నాకు దిగేలా రాస్తే పోల్చి చూసే ఆదేశం ఒకటి ఆదా అవుతుంది.

1982లో డేవిడ్ క్రేన్ ఈ యంత్రానికి చేసిన ‘పిట్‌ఫాల్’ ఆటలో 255 దృశ్యాల అడవి ఉంది. క్యాట్రిడ్జ్ మొత్తం 4 కిలోబైట్లే. ఆ దృశ్యాలను ఆయన దాచిపెట్టలేదు. ఒకే బైట్‌లో బిట్లు జరుపుతూ, ఏ తెరలో చెట్లెలా ఉండాలో, గుంట ఉండాలో మొసళ్లుండాలో దాని నుంచే రాబట్టాడు. ఎడమకు నడిస్తే అదే లెక్క వెనక్కి తిరుగుతుంది. అందుకే దాటొచ్చిన గుంట మళ్లీ అదే చోట ఎదురవుతుంది.