తెలుగు సామెతలలో నాటుకోడి – పెరటి పెంపకపు లెక్క

తన కోడియు కుంపటియు లేనిదే ఊరికి తెల్లవారదని మురిసిన అవ్వ కథ తెలుగువారందరికిని పరిచితమే. ఆమె ఊరు విడిచి పోయినను తెల్లవారెను. సామెత గర్వమును పరిహసించుచున్నదనుట నిజమే. కాని ఆ కోడి అవ్వకు సొంత ఆస్తియను సంగతి ఆ నవ్వులో మరుగుపడినది.

1868లో కెప్టెన్ కార్ చెన్నపురిలో ప్రకటించిన ‘ఆంధ్రలోకోక్తి చంద్రిక’ సామెతలను అకారాదిగా కూర్చినది. ఆ క్రమము వెదకువారికి సుకరమే గాని, సామెత వెనుకనున్న బ్రతుకుతెరువును తెలుపజాలదు. కావ్యములలో కీర్తి పుంజునకే దక్కినది. శ్రీనాథకృతమని ప్రసిద్ధమైన పల్నాటి వీరచరిత్రమున కోడిపోరు బ్రహ్మనాయుని పక్షమును ఏడేండ్ల వలసకు పంపినది. పిల్లలను సాకు పెట్టను గూర్చి పలికినవి సామెతలే.

సన్నకారు రైతునకు రాబడి తెచ్చునది ఆ పెట్టయే. రాలిన గింజలు, చెదలు, పురుగులు, ఇంటి మిగులు మెతుకులు దాని మేత. కావున దాణాఖర్చు స్వల్పము. పంజరములలోని లెగ్‌హారను పెట్ట ఏటికి 300 గ్రుడ్ల వరకు పెట్టగా, నాటుపెట్ట పెట్టునవి కొద్దియే. ఈ రెంటిని గ్రుడ్లతోనే పోల్చుట, గ్రుడ్డు వచ్చి పిల్లను వెక్కిరించినట్లు. నాటుపెట్ట తానే పొదిగి, తానే పిల్లలను త్రిప్పును. ఆ లాభము పిల్లలలో నున్నది.

ఒక పెట్ట ఏటికి 3 మారులు, మారునకు 10 పిల్లలను లేపినదనుకొందము. గ్రద్దకు, ముంగిసకు, కొక్కెర తెగులునకు పోగా 8 మిగులుట ఒక లెక్క. సకాలమున టీకా వేసి, రాత్రి గంప క్రింద మూసి, 16 నిలుపుకొన్నచో అమ్మకమునకు వచ్చు కోళ్ళు రెట్టింపగును. ఐనను ఈ వృద్ధికి హద్దు కలదు. పెరడు పోషింపగల కోళ్ళు కొన్నియే. ఆపైన దాణా కొనవలసి వచ్చును. అప్పుడు పెంపకపు స్వభావమే మారును.

హైదరాబాదు రాజేంద్రనగరమున రూపొందిన వనరాజ, గ్రామప్రియ జాతులు నాటుపెట్టకంటె ఎక్కువ గ్రుడ్లు పెట్టును. కాని వానికి పొదుగు గుణము తక్కువ. మరల మరల పిల్లలను కొనవలెను. గోదావరి మన్యమున పెట్టను వాటాకిచ్చి, పుట్టిన పిల్లలను పంచుకొను ఆచారమునకు మూలము నాటుపెట్ట పొదుగుటయే. చేత సొమ్ము లేని స్త్రీయు అట్లు మందను కూర్చుకొనగలదు.

1693లో ఆంగ్ల కంపెనీకి దక్కినప్పుడు తొండియార్‌పేట ఒక గ్రామము, నేడది నగరభాగము. పెరడు కరవైన ఇట్టి పేటలలో సామెత నిలిచినను దాని వెనుకటి లెక్క మరపున పడుట సహజము. అవ్వ తెల్లవారుటను గూర్చి పొరబడినది గాని, తన కోడి విలువను గూర్చి పొరబడలేదు.