ఎన్ని రూములు సార్?

హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో రౌటర్ అడిగితే దుకాణదారు మొదటి ప్రశ్న: "ఎన్ని రూములు సార్?" మొన్న నేను ఎదురు అడిగాను, "డబ్ల్యూపీఏ3 ఉందా?" అని; వైఫైకి వేసే కొత్త రకం తాళం అది. డబ్బా అటూ ఇటూ తిప్పి, "కొత్త మాల్ కదా, ఉంటది" అన్నాడు. ఆయన్ని అనడానికేం లేదు. సిగ్నల్ ఎందాకా పోతుందనే గానీ ఎక్కడ ఆగుతుందని అడిగేవాళ్లెవరు?

అక్కణ్నుంచి నడిచే దూరంలోనే పాత బ్రిటిష్ రెసిడెన్సీ, ఇప్పటి మహిళా విశ్వవిద్యాలయం. 1857 తిరుగుబాటులో, జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ మనుషులు దాని మీద పడ్డప్పుడు పక్కనున్న ఇళ్లలో చేరి కాల్పులు జరిపారు. ఆ దెబ్బతో తెల్లదొరలు గోడలు బలపరిచి బురుజులు కట్టుకున్నారు. (నా మనసు తుర్రేబాజ్ వైపే, అది వేరే మాట.) వైఫై మాత్రం ఇంటి గోడ దగ్గర ఆగదు. 2008లో అహ్మదాబాద్ పేలుళ్లు తమ పనేనంటూ ఉగ్రవాదులు పంపిన మెయిల్ నవీ ముంబయిలో వేరొకరి ఇంటి వైఫై మీదుగా వెళ్లింది. పోలీసులు ముందు వచ్చింది ఆ ఇంటికే.

ఎవరింటికి భోజనానికి వెళ్లినా వాళ్ల రౌటర్ తెరిచి చూడటం నాకున్న జబ్బు. పోయిన ఆదివారం పెద్దమ్మ వాళ్లింట్లో చూస్తే లోపలి సెట్టింగుల తాళం, కంపెనీ పెట్టిన 'అడ్మిన్' అలాగే ఉంది. వైఫై పాస్‌వర్డ్ పెదనాన్న సెల్ నంబరు. ఫోన్ కలిసేటప్పుడు గాల్లో నడిచే పలకరింపును ఎవరైనా పట్టుకుపోతే చాలు, మిగతా ఊహలన్నీ ఇంట్లో కూర్చుని కంప్యూటర్ చేసుకుంటుంది. పది అంకెలు దానికి గంటల పని.

పాస్‌వర్డ్ కొట్టకుండానే ఫోన్ కలిపే డబ్ల్యూపీఎస్ మరీ చిత్రం. దాని ఎనిమిదంకెల పిన్ అంటే పది కోట్ల అవకాశాలు అనుకుంటాం. రౌటర్ దాన్ని రెండు ముక్కలుగా సరిచూస్తుంది, చివరి అంకె లెక్కతో వచ్చేదే. పదకొండు వేల ప్రయత్నాల్లో ముగుస్తుందని 2011లోనే తేలింది. దాన్ని ఆపేశాను. నెట్‌వర్క్ పేరు దాచడం లాంటి చిట్కాల జోలికి పోలేదు, వాటితో ఎవరూ ఆగరు. పాస్‌వర్డ్‌గా పెద్దమ్మ పచ్చిపులుసు చేసే వరసనే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాం, ముప్పై పైచిలుకు వచ్చాయి.

సంతోషించేలోపు కింది వాటా పిల్లాడు, "అమ్మమ్మా, నెట్ వస్తలేదు" అంటూ వచ్చాడు. పెద్దమ్మ పచ్చిపులుసు చదవబోయింది. ఆపి, గెస్ట్ నెట్‌వర్క్ వేరే పెట్టాను: నెట్ అందుతుంది, ఇంట్లో కెమెరా, కంప్యూటర్ కనిపించవు.

"అరుగు లెక్కనా?" అంది పెద్దమ్మ. నెట్‌వర్క్‌కి ఆ పేరే పెట్టాం.